ఆ రూపాయి ఎందుకు రాలేదు?

చీపురుపల్లిలో రీచార్జి కొట్టు ముందు కాసేపు నిలబడితే చాలు, ఇలాంటి మాట చెవిన పడుతుంది.

'మొన్నే గదా ఏయించినాను బావూ, అప్పుడే అయిపోనాదేటి?'

చేతిలో కీప్యాడ్ ఫోను. కొంగున ముడేసిన నోట్లు. 'ఇరవయ్యెనిమిది రోజులే మామ్మా' అంటాడు కొట్లో కుర్రాడు. 'నెలంటే ముప్పై రోజులు గాదేటి?' అని ఆమె తిరిగి అడిగితే అతని దగ్గర జవాబుండదు. పాపం, చెప్పాల్సింది అతను కాదు కూడా!

కొడుకో అల్లుడో పనికోసం చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లిన ఇళ్లు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. ఆ ఇళ్లలో ఫోనంటే సరదా కాదు, మనిషి గొంతు. ఏడాదికి నెలలు పన్నెండే. 28 రోజుల లెక్కన రీచార్జిలు మాత్రం పదమూడు. ఆ పదమూడోది ఎక్కణ్నుంచి వచ్చింది? వద్దని చెప్పే అధికారం ఎవరికుంది?

అడిగాకే రూలు

ధరలు నిర్ణయించుకునేది కంపెనీలే. వాటికి హద్దులు గీసేది ట్రాయ్... అంటే టెలికాం నియంత్రణ సంస్థ. 1997లో పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది. ఆ చట్టం 11వ సెక్షన్‌లో నాలుగో ఉపవిభాగం ఒకే ఒక్క వాక్యం: ట్రాయ్ తన అధికారాలు వాడేటప్పుడు, పనులు చేసేటప్పుడు పారదర్శకంగా ఉండాలి. అందుకే ఏదైనా రూలు తేవాలంటే ముందు చర్చాపత్రం బయటపెడుతుంది. కంపెనీలూ వినియోగదారులూ ఎవరైనా రాయొచ్చు. ఎవరేం రాశారో అందరికీ చూపిస్తుంది. వాటిమీద ప్రతివాదనలు తీసుకుంటుంది. ఆ తర్వాత 'ఓపెన్ హౌస్' పేరుతో ముఖాముఖి చర్చ. చివర్లో రూలుతోపాటు దానికి కారణాలు.

మామ్మ అడిగిన ప్రశ్నే 2021 మే 13న ఒక చర్చాపత్రమైంది. ఇప్పుడున్న పద్ధతే ఉండనివ్వండని కంపెనీలు వాదించాయి. అయినా 2022 జనవరి 27న ఉత్తర్వు వచ్చింది. ప్రతి కంపెనీ ముప్పై రోజుల గడువుతో ఒక్కో రకంలో కనీసం ఒక్క ప్యాకయినా పెట్టాలి. ప్రతినెలా అదే తేదీన వేయించుకునే ప్యాకూ ఉండాలి. అలాగని 28 రోజులవి తీసేయమనలేదు. కొట్లో కుర్రాడు ముందుగా చెప్పేది ఏదో వేరే చెప్పాలా!

మాట్లాడుకోవడానికే తప్ప ఇంటర్నెట్‌తో పనిలేనివాళ్ల సంగతీ ఇలాగే తేలింది. 2024 జులైలో పత్రం, డిసెంబరు 23న నిబంధన. మాటలకీ ఎస్సెమ్మెస్‌లకీ మాత్రమే పనికొచ్చే ప్యాకు విడిగా ఉండి తీరాలని అది చెప్పింది. అంటే డేటా అక్కర్లేని కీప్యాడ్ ఫోనుకి డేటా డబ్బు కట్టాల్సిన పనిలేదు.

రూపాయి కథ

అయితే అన్నీ ఇంత సాఫీగా నడవలేదు. మాట్లాడుతుండగా ఫోను కట్ అయిపోయే జబ్బు దేశమంతా ముదిరిన రోజులవి. 2015 సెప్టెంబరులో ట్రాయ్ చర్చాపత్రం విడుదల చేసింది. అక్టోబరు 16న నిబంధన తెచ్చింది. కాల్ మధ్యలో తెగితే ఫోను చేసినవారి ఖాతాలో కంపెనీ ఒక రూపాయి వేయాలి. రోజుకి మూడు రూపాయలదాకా. 2016 జనవరి 1 నుంచి అమలు. జనం సంబరపడ్డారు. కంపెనీలు కోర్టుకెళ్లాయి. ఢిల్లీ హైకోర్టు ట్రాయ్ పక్షానే నిలిచింది.

2016 మే 11న సుప్రీంకోర్టు ఆ నిబంధనని కొట్టేసింది.

జస్టిస్ కురియన్ జోసెఫ్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల ధర్మాసనం చెప్పిన కారణాలు చదివితే ఆశ్చర్యమేస్తుంది. నూటికి రెండు కాల్స్ తెగినా ఫర్వాలేదని ట్రాయ్ ప్రమాణాలే అంటున్నాయి. ఆ హద్దులో ఉన్న కంపెనీకీ జరిమానా ఎలా వేస్తారు? మూడోవంతుకు పైగా కాల్స్ వాడకందారు వైపు కారణాలతోనే తెగుతున్నాయని ట్రాయ్ పత్రమే ఒప్పుకుంటున్నప్పుడు తప్పంతా కంపెనీదేనని ఎలా అనుకున్నారు? వీటితోపాటు మరో మాట. కంపెనీలు చెప్పిన అభ్యంతరాలు రాసుకున్నారు సరే, వాటినెందుకు కాదన్నారో ఎక్కడా చెప్పలేదు. 11వ సెక్షన్ కోరే పారదర్శకత ఇది కాదు. అడగ్గానే సరిపోదు, విన్నాక ఏం ఆలోచించారో చెప్పాలి. అమెరికాలో 1946 నుంచి ఇలాంటి చట్టముంది, అలాంటిది ఇక్కడా తెచ్చే విషయం ఆలోచించమని పార్లమెంటుకి సూచించింది కూడా. ఆ వాక్యాన్ని చూసీచూడనట్టు వదిలేసినందుకు జనానికి దక్కాల్సిన రూపాయి దక్కలేదు.

అడగకుండా తెస్తే...

2015లో ఇంటర్నెట్ సమానత్వం మీద ట్రాయ్ అభిప్రాయాలు కోరితే పది లక్షలకు పైగా ఈమెయిళ్లు పోటెత్తాయి. పారదర్శకత పేరుతో వాటిని పంపినవాళ్ల ఈమెయిలు చిరునామాలతో సహా బయటపెట్టేసి చీవాట్లు తింది, అది వేరే కథ. చివరికి 2016 ఫిబ్రవరి 8న వెబ్‌సైటునిబట్టి డేటాకి వేర్వేరు ధరలు పెట్టకూడదని నిషేధించింది.

కేంద్ర టెలికాం శాఖ నేరుగా ఇచ్చే ఆదేశాల దారి వేరు. కొత్త ఫోన్లన్నిట్లో 'సంచార్ సాథీ' యాప్ ముందే వేసి అమ్మాలని 2025 నవంబరు 28న తయారీదారులకి చెప్పింది. జనం అభిప్రాయం అడగలేదు. వార్తల్లో వచ్చాకే సంగతి బయటపడింది. గోల మొదలైంది. డిసెంబరు 3న ఆ తప్పనిసరిని వెనక్కి తీసుకుంది.

మరి చీపురుపల్లి మామ్మ మాట ఢిల్లీ చేరడమెలా? ట్రాయ్ తలుపు తెరిచే ఉంది. ఈమెయిలు పంపితే చాలు, ఢిల్లీ వెళ్లక్కర్లేదు. చిక్కల్లా చర్చాపత్రంతోనే! పదుల పేజీల ఇంగ్లిషు, నిండా సాంకేతిక పదాలు. ఊళ్లో డిగ్రీ చదివిన మనవడు కూర్చుని చదివి చెప్పినా 'ప్లాన్ వోచరు, స్పెషల్ టారిఫ్ వోచరు, కాంబో వోచరు' దగ్గరే ఆగిపోతాడు. కంపెనీలకైతే ఆ పనికి లాయర్లున్నారు.

'ముప్పై రోజులది ఉందేటి బావూ?' అని అడిగి చూడాలి. ఉంటుంది. 2022 నుంచీ ఉండాలి.