నిద్ర వేరు, మత్తు వేరు

"జలుబు సిరప్ వేస్తే మా బాబు తొమ్మిదింటికల్లా పడుకుంటున్నాడు టీచర్, పరీక్షలయ్యే దాకా రోజూ వేయొచ్చా?" పేరెంట్స్ మీటింగుల్లో ఈ ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది. వద్దు అని ఒక్క మాటలో చెప్పేయవచ్చు. ఎందుకు వద్దో తెలియాలంటే మాత్రం మెదడు ఎలా నిద్రపోతుందో కాస్త చూడాలి.

మెదడులోని నాడీకణాలన్నీ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటూ పోతే వచ్చేది తెలివి కాదు, ఫిట్స్. అందుకే అదుపు చేసే ఏర్పాటు కూడా అక్కడే ఉంది. ఆ పని చేసే ముఖ్యమైన రసాయనం గాబా. అది మెదడులో ఉందని 1950లో గుర్తించారు. నాడీకణం పైపొరలో దాని కోసం రిసెప్టర్లు ఉంటాయి. వాటిలో గాబా-ఎ అనే రకంలో ఐదు ప్రొటీన్ ముక్కలు గుండ్రంగా చేరి, మధ్యలో సన్నటి దారి వదులుతాయి. గాబా వచ్చి అతుక్కోగానే ఆ దారి తెరుచుకుంటుంది, క్లోరైడ్ అయాన్లు లోపలికి వెళతాయి, కణం కాసేపు నెమ్మదిస్తుంది.

రాత్రి నిద్ర వేళకు హైపోథాలమస్ ముందు భాగంలోని ఒక చిన్న కణాల గుంపు ఇదే గాబాను పంపి, మనల్ని మెలకువగా ఉంచే కేంద్రాలను సద్దుమణిగేలా చేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో వియన్నా డాక్టర్ ఫాన్ ఎకనామో ఒక రకం మెదడువాపు రోగులను పరిశీలించారు. అసలు నిద్రే పట్టని వారిలో సరిగ్గా ఈ ప్రాంతమే దెబ్బతిన్నదని గమనించారు.

మరి నిద్రమాత్ర చేసేదేమిటి? డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటివి గాబా-ఎ రిసెప్టర్‌కే అతుక్కుని గాబా ప్రభావాన్ని పెంచుతాయి. ఆ ఐదు ముక్కల్లో ఆల్ఫా-1 అనేదాన్ని కొద్దిగా మార్చిన ఎలుకలకు డయాజెపామ్ ఇచ్చినా మత్తు రాలేదని 1999లో తేలింది. అంటే మత్తుకు తలుపు ఎక్కడుందో తెలిసింది. కానీ మాత్రకు వేళాపాళా, చోటూ తెలియవు. ఎక్కడ ఆ రిసెప్టర్ ఉంటే అక్కడ పని చేస్తుంది. మనిషి పడుకుంటాడు గానీ, గాఢనిద్ర వాటా తగ్గుతుంది. జలుబు సిరప్ దారి మరొకటి. అది గాబా జోలికి పోదు, మెలకువకు తోడ్పడే హిస్టమిన్‌ను అడ్డుకుంటుంది. మర్నాడు క్లాసులో తూగు మిగలవచ్చు. కొందరు పిల్లల్లో నిద్రకు బదులు చిరాకు, గంతులు కనిపిస్తాయి. అలర్జీకి డాక్టర్ రాస్తే వాడండి, నిద్ర కోసం కాదు.

చేతులతో, కాళ్లతో నేర్చుకునే పనుల దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. రాత, కీబోర్డు, సైకిల్, కూచిపూడి అడుగులు ఇలాంటివే. కొత్త కదలిక నేర్చుకునేటప్పుడు కదలికలను నడిపే మెదడు భాగంలో గాబా కాసేపు తగ్గుతుంది. అదుపు సడలితేనే కొత్త దారి పడుతుంది. 2000లో జరిగిన ఒక ప్రయోగంలో బొటనవేలి కదలికలను సాధన చేసినవారికి లోరాజెపామ్ అనే మత్తుమాత్ర ఇస్తే, సాధన వల్ల మెదడులో రావలసిన మార్పు తగ్గిపోయింది.

రాత్రి అయ్యాక మళ్లీ గాబాకే పని. థాలమస్ చుట్టూ ఉన్న గాబా కణాల పొర నిద్రలో స్పిండిల్స్ అనే చిన్న అలల గుచ్ఛాలను పుట్టిస్తుంది. నేర్చుకున్నది గట్టిపడటానికీ వీటికీ సంబంధం ఉందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. 2002లో హార్వర్డ్‌లో కొందరికి నాలుగు కీలను ఒక వరుసలో వేళ్లతో నొక్కడం నేర్పారు. సాయంత్రం నేర్చుకుని నిద్రపోయి లేచినవారి వేగం దాదాపు 20 శాతం పెరిగింది. పొద్దున నేర్చుకుని పగలంతా మెలకువగా ఉన్నవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇందులో నిద్ర వాటా ఎంత, అలసట తీరడం వాటా ఎంత అని తర్వాత వాదనలు వచ్చాయి. అయినా మన ఇళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి అందులో ఉంది. ఆ మెరుగుదల ముఖ్యంగా రాత్రి చివరి భాగంలో వచ్చే రెండో దశ నిద్రతో ముడిపడి కనిపించింది.

పన్నెండింటికి పడుకోబెట్టి నాలుగింటికి అలారం పెడితే మనం కోసేస్తున్నది సరిగ్గా ఆ భాగాన్నే. ఎనిమిదింటికే పడుకునే పిల్లలైతే నాలుగింటికి లేచినా ఇబ్బంది లేదు. అలా పడుకునే టెన్త్ పిల్లలు ఎంతమందో మీకే తెలుసు! అమెరికా నిద్రవైద్యుల సంఘం 2016లో చెప్పిన లెక్క ప్రకారం 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ముందు ఈ గంటలు పక్కన పెట్టి, మిగిలినవి సబ్జెక్టులకు పంచండి.

ఇంట్లో పెద్దవాళ్ల నిద్రమాత్రలో పావు ముక్క తుంచి పిల్లలకు ఇవ్వడం అసలే కూడదు. ఈ మందులకు రిసెప్టర్లు అలవాటు పడతాయి. ఆల్ప్రజోలామ్ కలిపిన కల్తీ కల్లు ఒక్కసారిగా దొరకనప్పుడు అలవాటైనవారికి వణుకు, ఫిట్స్ రావడం మన దగ్గర చూసిందే.

ఒక మినహాయింపు ఉంది. ఫిట్స్ ఉన్న కొందరు పిల్లలకు డాక్టర్లు ఇదే కుటుంబానికి చెందిన క్లోబాజామ్ రాస్తారు. ఇది చదివి దాన్ని దయచేసి ఆపకండి, ఒక్క పూట కూడా. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబడతాయి. మోతాదు మార్చాలన్నా డాక్టర్‌నే అడగండి. మందు పేరు, వేసే వేళ డైరీలో రాసి క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. ఆ మందు వల్ల మొదటి పీరియడ్‌లో పిల్లవాడు తూగితే అది బద్ధకం కాదని మాకూ తెలుస్తుంది.