మీకు తెలుసా? దాయాదుల తగాదా నుంచి ‘మా భూమి’ దాకా
1947 నాటి ‘మా భూమి’ నాటకం వెనుక జనగామ ప్రాంతపు నిజమైన హత్య ఒకటుంది. కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి, భూమి కోసం దాయాదులతో తగాదాపడి కోర్టుకెక్కి, చివరికి హతుడయ్యాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు ఆ ఉదంతాన్ని రంగస్థలానికి ఎక్కించారు. ఇది దాయాదుల తగాదాయే కదా, తెలంగాణ రైతాంగ పోరాట చరిత్రలో దీనికి చోటెందుకని అడగవచ్చు. కానీ ఆ ఇంటి గొడవలో ఒక పక్షానికి అండ ఆ దేశ్‌ముఖ్ దొరే. 1946 జూలై 4న కడవెండిలో ఆ పోరాట తొలి అమరుడు దొడ్డి కొమరయ్యను బలిగొన్న తూటాలూ అదే దొర మనుషులవి. అందుకే రెండు మరణాలనూ కలిపే చదవాలి. అన్నట్టు, గౌతమ్ ఘోష్ సినిమా ‘మా భూమి’కి ఆధారం మాత్రం ఈ నాటకం కాదు, కిషన్ చందర్ ఉర్దూ నవల.