మీకు తెలుసా? స్విఫ్ట్ ఇంజన్ జిప్సీకి అంత తేలిగ్గా లొంగదు

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి దారుల్లో మిర్చి టిక్కీలు మోసే జీపులకు, మినీ లారీలకు వెనక చక్రాల లాగుడే నప్పుతుంది. లోడంతా వెనక పడితే చక్రాలకు పట్టు పెరుగుతుంది మరి!

అలాంటి బండి ఇంజన్ మూలనపడితే, యాక్సిడెంట్ కారులోంచి తీసిన టర్బో డీజిల్ కోసం ఆటోనగర్లో వాకబు చేసేవాళ్లున్నారు. కొనడం ఒక ఎత్తు, బిగించడం మరో ఎత్తు.

ఉదాహరణకు మారుతి స్విఫ్ట్‌లో 2007లో వచ్చిన 1248 సీసీ ఫియట్ డీజిల్. అందులో అది బానెట్ కింద అడ్డంగా ఉంటుంది. జిప్సీ జీపులో దాన్ని నిలువుగా తిప్పి కూర్చోబెట్టాలి. జిప్సీ గేర్‌బాక్స్‌తో బోల్టు రంధ్రాలు కలవవు కాబట్టి మధ్యలో మందపాటి అడాప్టర్ ప్లేటు వేయాలి. గేర్‌బాక్స్ షాఫ్టు కొనను ఆనించడానికి క్రాంకు చివర బుష్ కావాలి, దాన్ని లేత్‌పై చేయించుకోవాలి. ఇంజన్, గేర్‌బాక్స్‌ల కేంద్రాలు మిల్లీమీటరులో పదో వంతు తేడా దాటకుండా డయల్ గేజ్‌తో చూడాలి. దాటితే బేరింగు అరుస్తుంది, క్లచ్ సరిగా విడవదు. టర్బో నుంచి ఆయిల్ దానంతటదే సంపులోకి దిగాలి గనుక ఆ పైపు ఎక్కడా పైకి వంగకూడదు. చాలామంది తప్పేది ఇక్కడే.

ఇంజన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. కొత్త ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఎక్కాలి.