అవెస్టా: రాగి నుండి ఉక్కు వరకు

లోహ పరిశ్రమ గని యున్న చోటనే వెలయునని సామాన్యముగా తలంతురు. కాని ఖనిజమొక్కటియే చాలదు. దానిని కరగించుటకు ఇంధనమును, యంత్రములు తిప్పుటకు శక్తియు కావలెను. స్వీడను దేశములో డాలెల్వెన్ నది ఒడ్డున నున్న అవెస్టా అను చిన్న పట్టణము ఇందుకు చక్కని నిదర్శనము. ఈ పేరు పారసీకుల మతగ్రంథమును జ్ఞప్తికి తెచ్చినను, రెంటికిని ఏ సంబంధమును లేదు.

అవెస్టాకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున ఫాలున్ రాగి గని కలదు. 17వ శతాబ్దిలో ఒకప్పుడు ఐరోపా రాగిలో మూడింట రెండు వంతులు ఈ గని నుండియే వచ్చెను. అక్కడ రాతిని పగులగొట్టుటకు మంట. ఖనిజములోని గంధకమును పోగొట్టుటకు మంట. కరగించుటకు మరల మంట! చుట్టునున్న అడవులు తరిగిపోయెను. అవెస్టాలోనో, అడవులును ఉండెను, వడిగా క్రిందికి దూకు నదియు ఉండెను. కావున 1636లో రాగిని శుద్ధిచేయు కర్మాగారమును ఇచ్చట నెలకొల్పిరి.

శుద్ధిచేయు విధానమిది. ముడిరాగిని బొగ్గుతో కరగించి, గాలి ఊదుదురు. అందలి ఇనుము, గంధకము మున్నగు మాలిన్యములు రాగి కంటె ముందుగా ఆమ్లజనితో కలియును. గంధకము వాయురూపమున వెడలిపోవును. ఇనుము చిట్టెముగా పైకి తేలును. కొలిమి తిత్తులను ఊదినదియు, రాగిని సాగగొట్టు పెద్ద సమ్మెటలను ఎత్తినదియు నది త్రిప్పిన జలచక్రములే.

1644లో ఇచ్చటి టంకశాలలో ఒక విచిత్రమైన నాణెమును ముద్రించిరి. అది 10 డాలర్ల విలువగల రాగి పలక, బరువు 19.7 కిలోగ్రాములు! ఇంత బరువేల? నాణెము విలువకు సరిపడు లోహము అందులోనే ఉండవలెనని నాటి నియమము. స్వీడనులో వెండి అరుదు, రాగి సమృద్ధి. వెండి కంటె రాగి మిక్కిలి చౌక గనుక, విలువకు తగినట్లు బరువు పెరిగెను. ఇట్టి పలకలను మోయుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. 1661లో స్టాక్‌హోములోని ఒక బ్యాంకు ఐరోపాలో మొట్టమొదటి కాగితపు నోట్లను వెలువరించుటకు ఈ బెడదయు ఒక కారణము.

టంకశాల 1831 వరకును, రాగి కర్మాగారము 1869 వరకును నడచెను. పిమ్మట పట్టణము ఇనుము వైపు మరలెను. 1874లో నిర్మించిన ఇనుప కర్మాగారము 1938 వరకు పనిచేసెను. చిట్టెమును దిమ్మెలుగా పోసి కట్టిన గోడలు నేటికిని నిలిచియున్నవి. ఆ కర్మాగారము ఇప్పుడు ప్రదర్శనశాల.

1924లో అవెస్టాలో స్టెయిన్‌లెస్ ఉక్కు తయారు కాజొచ్చెను. ఇనుముపై ఏర్పడు తుప్పు గుల్లగా ఉండుటచే గాలియు తేమయు లోనికి చొచ్చుకొనిపోవును. ఉక్కులో సుమారు 10.5 శాతమునకు తక్కువ కాకుండ క్రోమియము కలిపినచో, దానిపై మిక్కిలి పలుచనైన, గట్టియైన క్రోమియము ఆక్సైడు పొర ఏర్పడును. గీత పడినను, ఆమ్లజని తగిలినంతనే ఆ పొర మరల ఏర్పడును.

ఫాలున్ గని 1992లో మూతపడెను. కాని అవెస్టాలో ఉక్కు పని ఆగలేదు; నేడక్కడ పాత లోహపు తుక్కును కరగించి కొత్త ఉక్కు చేయుచున్నారు. గనిలోని ఖనిజము తరుగును; లోహమును శుద్ధిచేయు నేర్పు తరుగదు. అవెస్టాను నిలిపినది ఆ నేర్పే.