అద్దం పోతే దొరుకుతుంది, ఫ్రేము పోతే?
పాత జీపుల తుప్పు వదిలించడానికి కావలసింది ఓపిక

మదనపల్లె: సమితి జీపు అంటే పాతతరం వారికి వేరే చెప్పనక్కర లేదు. బి.డి.ఓ. గారి జీపు దుమ్ము రేపుకుంటూ పొలిమేర దాటితే పిల్లలంతా వెంట పరుగెత్తేవారు. 1980ల మధ్యలో సమితులు పోయి మండలాలు వచ్చాయి. పాతబడ్డ సర్కారు జీపులు వేలంలో ఎవరెవరి చేతికో చేరాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పశువుల కొట్టం పక్కనో, చింతచెట్టు కిందనో అలాంటి బండి వుంటే దాన్ని పాత ఇనుము కింద తూకానికి వేయకముందు ఒకసారి ఆలోచించాలి.

2021లో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటి, బాడీ, ఛాసిస్, ఇంజను అసలు రూపంలో వున్న బండిని వింటేజి వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20 వేల రూపాయలు. అయితే దాన్ని బాడుగకు తిప్పరాదు.

బాగుచేయడానికి దిగినవారికి మొదట ఎదురు తిరిగేది ముందు అద్దం ఫ్రేమే. యుద్ధకాలపు విల్లీస్ జీపులో ఈ ఫ్రేము మొత్తం బానెట్టు మీదికి వాలుతుంది. లోపలి ఫ్రేము పైనున్న కీలు మీద ముందుకు తెరుచుకుంటుంది. కీళ్లు, చేతులు, రెక్కల నట్లు అన్నీ ఇనుమే. మన సీమలో వానలు తక్కువ, తుప్పు రాదనుకుంటారు. కానీ రబ్బరు బీడింగు కింద దిగిన నీరు ఎండకు ఆరదు. పైగా తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే బోల్టు మరల్లో బిగుసుకుపోయి పానాకు లొంగదు.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. అద్దం ఎక్కడ పగులుతుందోనని దాన్ని కాపాడే తొందరలో ఫ్రేమును ఉలితో కొట్టి, గ్యాసుతో కోసేస్తారు. నిజానికి ఆ జీపు అద్దం చదునైనది. లామినేటెడ్ అద్దం తెచ్చి కొలతకు కోయించి బిగించుకోవచ్చు. (టఫెన్డ్ అద్దం కోయబోతే పొడిపొడి అవుతుంది.) ఫ్రేము, దాని కీళ్లు మాత్రం ఒకసారి పోతే వెదకినా దొరకడం కష్టం. అంబాసిడరు సంగతి వేరు. దాని అద్దం వంపు తిరిగి వుంటుంది గనుక కోయించుకునే వీలు లేదు, అక్కడ అద్దాన్నే కాపాడుకోవాలి.

ముందు ఎండిన రబ్బరును బ్లేడుతో కోసి అద్దాన్ని బయటకు తీయాలి. తర్వాత ప్రతి బోల్టుకూ తుప్పు వదిలించే నూనె పట్టించాలి. అది లేకుంటే కిరసనాయిల్లో కాస్త ఇంజనాయిలు కలిపి వాడవచ్చు. పూటకోసారి చొప్పున రెండు మూడు రోజులు వేస్తూ, మధ్య మధ్య తల మీద సుత్తితో మెల్లగా తట్టాలి. తిప్పేటప్పుడు ముందు రవ్వంత బిగించే వైపు తిప్పితే తుప్పు పట్టు సడలుతుంది. ఆ తర్వాతే వదులు చేయాలి. గాడి అరిగిన స్క్రూడ్రైవరు పెడితే మరమేకు తల చెడిపోతుంది, ఇక డ్రిల్లు తప్ప దారి లేదు.

అప్పటికీ రాకపోతే మంట చూపాలి. నట్టు వేడికి వ్యాకోచించి పట్టు వదులుతుంది. అయితే అద్దం తీశాకే, పెట్రోలు ట్యాంకు, నూనె గుడ్డలు దూరంగా పెట్టాకే మంట ముట్టించాలి. నూనె పట్టించిన చోట పొగ లేస్తుంది, అంటుకోనూవచ్చు. పక్కన ఇసుక బకెట్టు వుండాలి.

ఊడదీసిన కీళ్లకు, నట్లకు చెరకు మండలంలో అందుబాటులో వుండే మందు ఒకటి వుంది. అది చక్కెర ఫ్యాక్టరీ మడ్డి. ఒక పాలు మడ్డికి పది పాళ్ల నీళ్లు కలిపి రెండు మూడు వారాలు నానబెడితే తుప్పు కరిగి ఇనుము నల్లగా శుభ్రంగా తేలుతుంది. వాసన భరించడం కష్టమే, తొట్టి ఇంటికి దూరంగా పెట్టుకోవాలి. అల్యూమినియం, జింకు ముక్కలు మాత్రం అందులో వేయకూడదు, అవి తినుకుపోతాయి. తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి, అదేరోజు రెడాక్సైడు పూయాలి. ఒక రాత్రి మంచులో వదిలినా తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు మరలకు గ్రీజు రాయడం మరిచిపోరాదు. కొత్త రబ్బరు కింద నీరు నిలవకుండా చూసుకుని, ఫ్రేమును ఒకటి రెండుసార్లు బానెట్టు మీదికి వాల్చి, లేపి చూశాకే అద్దం ఎక్కించాలి.