మాటల్లేని పాటకు ఊపిరే ప్రాణం!

కోడికాళ్ల మీద నిలబడే గుడిసె... రోట్లో కూర్చుని, రోకలితో తోలుకుంటూ గాల్లో ఎగిరే ముసలి మంత్రగత్తె... మాస్కోలో అచ్చయి వచ్చిన రాదుగ వారి తెలుగు పుస్తకాలు చదివి పెరిగినవాళ్లకు బాబా యాగాను పరిచయం చేయనక్కర్లేదు. ఆ ముసలమ్మను 1904లో ఆర్కెస్ట్రాలోకి తీసుకొచ్చాడు రష్యన్ స్వరకర్త అనతోలి ల్యాదొవ్. మూడు నిమిషాలు, అంతే! కథ చెప్పేవాడు లేడు, తెర మీద బొమ్మ లేదు. అయినా అడవి మీదుగా ఆమె దూసుకుపోవడం చెవులకు 'కనిపిస్తుంది'.

1909లో ఆయనే 'కికిమొర' రాశాడు. మాంత్రికుడి ఇంట, స్ఫటికపు ఊయల్లో పెరిగే పిల్ల దయ్యం కథ అది. ఇంగ్లిష్ హార్న్ అనే వాద్యం మెల్లగా జోలపాడుతుంది. ఆ జోల విని పాపం పసిబిడ్డే కదా అనుకుంటే పొరపాటే. పెరిగి పెద్దదయ్యాక దాని ఆలోచనంతా మనుషులకు కీడు చేయాలనే!

ఇలాంటి కథా సంగీతం పక్కన మాటల్లేని సోప్రానో పాటలు పెడితే కచేరీకి వింత అందం వస్తుంది. వాద్యాలు మనుషుల్లా మాట్లాడతాయి. మనిషి గొంతేమో వాద్యమైపోతుంది. రాగాలాపన విని తలూపే మన శ్రోతలకు ఇదేం కొత్త కాదు. కాకపోతే మన గాయకులు ఆలాపనను అప్పటికప్పుడు అల్లుకుంటారు. అక్కడ ప్రతి స్వరమూ ముందే కాగితం మీద రాసి ఉంటుంది.

వాటిలో అందరికీ తెలిసింది రహ్మానినొవ్ 'వొకలీజ్'. పద్నాలుగు పాటల సంపుటిలో పదమూడింటికి సాహిత్యం ఉంది, చివరిదైన దీనికి లేదు. 1915లో తుదిరూపు దిద్ది, గాయని అంతొనీనా నెజ్దానొవాకు అంకితమిచ్చాడు. ఏ అచ్చు మీద పాడాలో కూడా చెప్పలేదు. 'ఆ'నో, 'ఊ'నో... గాయని ఇష్టం. వినడానికి హాయిగానే ఉంటుంది, పాడేవాళ్లకే తెలుస్తుంది ఆ కష్టం. మాటలుంటే రెండు పదాల మధ్య ఊపిరి తీసుకోవచ్చు. ఇక్కడ ఆ సందు లేదు. ఎక్కడ శ్వాస తెగినా పాట తెగినట్టే.

రహ్మానినొవ్ 1917 చివర్లో దేశం వదిలాడు. మళ్లీ స్వదేశంలో అడుగుపెట్టకుండానే 1943 మార్చిలో అమెరికాలో కన్నుమూశాడు. యుద్ధం నడుస్తున్న ఆ ఏడాదే సోవియట్ నేల మీద గ్లియేర్ సోప్రానో కన్సర్టో పూర్తయింది. గొంతుకూ ఆర్కెస్ట్రాకూ మధ్య రెండు భాగాల సంభాషణ అది. మొదటి భాగం నిండా దిగులు. రెండోది వాల్ట్జ్ నాట్యంలా గిరగిరా తిరుగుతుంది. రెండింట్లోనూ ఒక్క మాటైనా లేదు.