కోపం వంశంలో ఉందా, కార్ఖానాలో ఉందా?

ముంబై పక్కనున్న భివండిలోని పద్మనగర్, కామత్‌ఘర్ వీధుల్లో తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కిందట వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడ సాంచెల (మరమగ్గాల) మీద బతుకుతున్నాయి. ఏ ఇంట్లోనైనా మగవాడు చీటికిమాటికి చేయి చేసుకుంటుంటే చుట్టాలు ఒక మాట అనేస్తారు: "వాళ్ల నాయనకూ గిదే కోపం. వాని రక్తంలనే ఉంది." అందులో నిజం లేకపోలేదు. కానీ ఉన్న కాస్త నిజాన్ని పట్టుకుని ఒక మనిషినో, ఒక కులాన్నో, ఒక ఊరినో తీర్పు తీర్చేయడం చాలా తప్పు.

ముందు ఆ నిజమేమిటో చూద్దాం. కవలల మీద ఎన్నో దేశాల్లో పరిశోధనలు జరిగాయి. దూకుడు విషయంలో మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడాల్లో దాదాపు సగం జన్యువులతో ముడిపడి ఉన్నట్టు అవి చెబుతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. లెక్క తేడాలకు సంబంధించింది. ఒకరి కోపంలో సగం తండ్రి ఇచ్చాడని దాని అర్థం కాదు.

1993లో నెదర్లాండ్స్‌కు చెందిన హాన్ బ్రూనర్ బృందం ఒక కుటుంబం గురించి రాసింది. ఆ ఇంటి మగవాళ్లలో కొందరు ఉన్నట్టుండి హింసకు దిగేవారు. వాళ్లలో ఎంఏఓఏ అనే జన్యువు పూర్తిగా చెడిపోయి ఉంది. సెరటోనిన్, డోపమైన్, నారడ్రినలిన్ వంటి మెదడు రసాయనాలను పని అయ్యాక విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసేది ఈ జన్యువే. ఇది తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి అది చెడితే రెండోది ఆదుకోదు. అయితే ఇలా పూర్తిగా చెడిపోవడం బహు అరుదు. చాలామందిలో కనిపించేది, ఈ జన్యువు కాస్త మందకొడిగా పనిచేసే రకం.

ఆ మందకొడి రకం ఉన్నవాళ్లంతా కోపిష్టులా? కాదని 2002లో తేలింది. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లలను పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. అవ్‌షలోమ్ కాస్పీ, టెర్రీ మోఫిట్ బృందం వాళ్లలో మగవాళ్ల జన్యువులను, బాల్యాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. మందకొడి రకం ఉండి, చిన్నప్పుడు దెబ్బలూ నిరాదరణా అనుభవించినవాళ్లలో హింస ఎక్కువగా కనిపించింది. అదే రకం ఉండి, ఆదరణలో పెరిగినవాళ్లలో అలా లేదు. తర్వాతి పరిశోధనలు అన్నీ ఒకే మాట చెప్పలేదు. మొత్తమ్మీద చూస్తే మగవాళ్లలో ఈ సంబంధం నిలబడింది గానీ దాని ప్రభావం చిన్నది. దూకుడు వెనక ఒక్క జన్యువు కాదు, ఎన్నెన్నో ఉన్నాయి. పత్రికలు ఎంఏఓఏకు 'యోధ జన్యువు' అని పేరు పెట్టి చాలా చెరుపు చేశాయి.

బాల్యం శరీరంలోకి ఎలా దిగుతుంది? మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం 2004లో ఎలుకల్లో చూపింది. తల్లి బాగా నాకి సాకిన పిల్లల్లో, ఒత్తిడి హార్మోనును అదుపులో ఉంచే జన్యువు చురుగ్గా పనిచేసింది. సరిగా సాకని పిల్లల్లో ఆ జన్యువుకు రసాయన ముద్రలు పడి అది అణిగింది. పిల్లలను తల్లులు మార్చి పెంచితే ముద్రలూ మారాయి. జన్యువులో రాత అదే, దాన్ని చదివే తీరు మారింది.

ఇప్పుడు కార్ఖానాలోకి వద్దాం. భివండిలో పన్నెండు గంటల డ్యూటీ మామూలు. కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. ఒక్కరే నాలుగైదు సాంచెలు చూసుకోవాలి. నాడె కొట్టుకునే చప్పుడులో పక్కవాడు చెవిలో అరిస్తే తప్ప వినపడదు. కూలి మీటరు లెక్కన. ఒక పోగు తెగిందంటే సాంచె ఆపి, తెగిన కొస వెతికి, ముడివేసి, మళ్లీ నడపాలి. ఆ కాసేపు డబ్బు లేదు. ఈలోపు పక్క సాంచె ఆగుతుంది. బట్టలో తప్పు పడితే కూలిలో కోత.

చప్పుడు ఒక్కటే మనిషిని దూకుడుగా మార్చదు. 1976లో డోనర్‌స్టీన్, విల్సన్ చేసిన ప్రయోగంలో, అప్పటికే కోపం తెప్పించినవాళ్లలోనే పెద్ద చప్పుడు దూకుడును పెంచింది. కావాలంటే ఈ చప్పుడును ఆపుకోవచ్చు అని చెబితే ఆ ప్రభావం లేకుండా పోయింది. నా దృష్టిలో భివండికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే పరిశోధన ఇదే. సాంచె ఆపే మీట కార్మికుడి చేతిలో ఉంది, కానీ ఆపితే కూలి పోతుంది. నిద్ర సంగతీ అంతే. 2007లో మాథ్యూ వాకర్ బృందం నిద్ర లేనివాళ్లకు కలవరపెట్టే బొమ్మలు చూపితే, భయాన్నీ కోపాన్నీ రాజేసే మెదడు భాగమైన అమిగ్డలా అరవై శాతం ఎక్కువగా స్పందించింది. దానికి కళ్లెం వేసే మెదడు ముందు భాగంతో లంకె సడలింది. రాత్రి డ్యూటీ దిగి, పిల్లలు ఆడుకునే ఒంటిగదిలో పగలు పడుకోవాల్సిన తండ్రికి ఆ కళ్లెం ఏమాత్రం మిగులుతుంది? ఆ ఇంట్లో దెబ్బ తిన్న పిల్లవాడే డునెడిన్ లెక్కల్లో మనం చూసిన పిల్లవాడు.

భివండికి గొడవల ఊరన్న పేరూ ఉంది. 1970 మేలో శివాజీ జయంతి ఊరేగింపుతో మొదలై, 1984 మేలో మళ్లీ, మతకలహాలు ఈ ఊరిని కాల్చాయి. అల్లర్లకు ఊరేగింపులు, పుకార్లు, రాజకీయం కారణాలు. వాటిని జన్యువులకు అంటగట్టకూడదు. "ఆ జనమే అంత" అనేవాళ్లు మాత్రం ఒకటి చూడాలి. 1988లో డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే పేటపేటనా మొహల్లా కమిటీలు పెట్టించారు. హిందువులు, ముస్లింలు, పోలీసులు కలిసి కూర్చుని ఇరుగుపొరుగు తగాదాలను చిన్నగా ఉన్నప్పుడే తేల్చేవారు. 1992 డిసెంబరు, 1993 జనవరిల్లో పక్కనున్న ముంబైలో దాదాపు 900 మంది చనిపోతే భివండి కుదురుగా ఉంది. 1984లో ఉన్నవాళ్లే అప్పుడూ ఉన్నారు. ఎనిమిదేళ్లలో ఎవరి జన్యువులూ మారవు.

జన్యువులను మనం ఎంచుకోలేం. డ్యూటీ గంటలను ఎంచుకోవచ్చు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది గంటలు దాటకూడదని రాసింది. కొద్దిమందితో నడిచే చిన్న కార్ఖానాలు ఆ చట్టం పరిధిలోకే వచ్చేవి కావు. పన్నెండు గంటల రెండు డ్యూటీలను ఎనిమిది గంటల మూడు డ్యూటీలు చేయాలంటే సేట్లు మీటరు రేటు పెంచాలి. పెంచకుండా గంటలు తగ్గిస్తే వద్దనేది ముందు కార్మికుడే, ఎందుకంటే ఊళ్లో ఇంటికి పంపే డబ్బు తగ్గుతుంది.